చోటు మారిన మాటలు

సెలూన్ వెనక గది
ఫిబ్రవరి

పిచ్చుకా,

వేళకి తింటున్నావా అని అడిగితే తింటున్నాననే రాస్తావు కాబట్టి అది వదిలేస్తున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకోకు. సెలూన్‌కీ నా వంటగదికీ మధ్య ఉన్నది ఒక్క కర్టెనే. ఇక్కడ నేను గొణిగినా అక్కడ మీ అన్నయ్యకి వినిపిస్తుంది. జబ్బు చేసి ఆయన గొంతు తీసేశారు గానీ చెవులు మాత్రం పాముచెవులే. ఆయన వినకూడని సంగతి రాస్తున్నాను.

ఆపరేషన్ అయ్యాక నువ్వు మీ కంపెనీ ట్యాబ్ తెచ్చి, అందులో మాటపెట్టె తెరిచి, "వదినా, ఇక అన్నయ్య నోరు మూయించడం నీ తరం కాదు" అన్నావు. నిజంగానే నా తరం కాలేదు. ఒక్కో గడిలో ఒక్కో మాట. నొక్కితే ట్యాబ్ పైకి చదువుతుంది. దాన్ని అద్దం కింద బిగించుకుని, ఏ మాట ఏ గడిలో ఉండాలో ఆయనే నెలల తరబడి సర్దుకున్నారు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతి చిటికెన వేలు గడి మీద, కళ్ళు మాత్రం అద్దంలో గిరాకీ ముఖం మీద. వేలు ఎటు పోతోందో ఆయన చూసుకోవడం నేనెప్పుడూ ఎరగను. మనం నోట్లో నాలుక ఎటు తిరుగుతోందో చూసుకుంటామా?

కిందటి వారం ఆ ట్యాబ్ తనంతట తను అప్‌డేట్ అయింది. ఎక్కువగా వాడే మాటల్ని ఇకనుంచి అదే పైకి తెచ్చి పెడుతుందట, మనకి సులువుగా ఉండాలని. పొద్దున లేచేసరికి మాటలన్నీ చెల్లాచెదురు. నేను కూర్చుని ఒక్కొక్కటే వేలితో లాగి పాత చోట పెట్టాను. మర్నాడు పొద్దున మళ్ళీ అంతే.

పెద్దపంతులు గారి భార్య పోయారు. ఆ తర్వాత ఆయన మొదటిసారి గెడ్డం గీయించుకోడానికి వచ్చారు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మీ అన్నయ్య నురగ రాస్తూ, చిటికెన వేలితో "నాకు చాలా బాధగా ఉంది" అనే గడి నొక్కారు. ట్యాబ్ షాపంతా వినేలా "తర్వాత ఎవరు? రండి, రండి!" అంది.

పంతులు గారు కళ్ళు తెరవలేదు. మీ అన్నయ్య కుంచె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కర్టెన్ సందులోంచి చూస్తున్న నేను అటు వెళ్ళనూ లేక, ఇటు ఉండనూ లేక చచ్చిపోయాను.

దానికి తోడు ఆ ట్యాబ్‌లో ఇప్పుడొక సందేశం. "మా తర్వాతి పరికరాల్లో మీకేం కావాలి? మీ కోరిక చెప్పండి, మేం వింటున్నాం." ఆ కోరికలు చదివే విభాగంలోనే కదమ్మా నువ్వు పనిచేసేది? నా కోరిక ఒక్కటే. మాటల్ని వాటి చోట ఉండనివ్వండి. ఎవరితో చెప్పాలో చెప్పు.

నీ వదిన


కంపెనీ హాస్టల్, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి చివర

వదినా,

నేనూ కాగితమే పట్టుకున్నాను. ఇక్కడ మా ఫోన్లన్నీ కంపెనీవే. లోపలి సంగతులు వాటిలో మాట్లాడితే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.

పంతులు గారి సంగతి చదివి నాకు అన్నం దిగలేదు. (చూశావా, తింటున్నానని రాయలేదు.) కానీ నువ్వు దిగులు పడకు. నీ కోరిక చాలా చిన్నది. ఇక్కడికి వచ్చేవి చూస్తే నువ్వే నవ్వుతావు. ఒకాయనకి రుమాలులా మడిచి జేబులో కుక్కుకునే ఫోన్ కావాలి. ఒకావిడకి తన కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో చెప్పే ఫోన్ కావాలి, అదీ మొగుడు వినకుండా చెవిలో చెప్పాలట. ఒక కుర్రాడికి వాళ్ళమ్మ అడుగుల చప్పుడు వినగానే ఆట మాయమై పాఠం వచ్చేయాలి. నా భార్య మొదలుపెట్టిన మాటని తొందరగా పూర్తిచేసే సాఫ్ట్‌వేర్ ఇవ్వండని ఒకాయన రాస్తే, అదే ఫోన్ నుంచి ఆవిడ "అవసరం లేదు, ఆయన వినే సాఫ్ట్‌వేర్ ఇవ్వండి చాలు" అని రాసింది!

ఇన్ని విచిత్రాలు వినేవాళ్ళు నీ ఒక్క మాట వినరా? ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ కొత్త పద్ధతిని ఆపేసే మీట ఉందేమో చూడు. లేకపోతే ఆ సందేశం కిందే నీ కోరిక రాసి పంపు. అన్నయ్యలాగా మాటపెట్టె వాడేవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళచేత కూడా రాయించు. ఇక్కడ ఎంతమంది అడిగారన్నదే చూస్తారు.

అన్నయ్యని ఒకసారి నా తరఫున విసిగించు.

పిచ్చుక


సెలూన్ వెనక గది
మార్చి

పిచ్చుకా,

మీట లేదు. నేను వెతికాను, పక్క ఫోన్ల షాపు అబ్బాయి వెతికాడు. "ఆంటీ, ఇది మీరు ఆపేది కాదు, వాళ్ళు పెట్టేది" అన్నాడు.

అందుకని గురువారం ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ మాటల టీచరమ్మ మీ అన్నయ్యలాంటి వాళ్ళందరినీ వారానికోసారి ఒక గదిలో కూర్చోబెట్టి మాటపెట్టె నేర్పుతుంది. గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోయింది, అందరి ఇళ్ళలోనూ ఇదే గోల. గోడ కడుతూ సారవ మీంచి పడి మాటా, ఒక చెయ్యీ పడిపోయిన తాపీమేస్త్రీ దాహమేసి "నీళ్ళు" నొక్కితే ట్యాబ్ "నేను బాగున్నాను" అందట. వాళ్ళావిడ సరేలే అని బజారుకి వెళ్ళిపోయింది. దాహంతో ఉన్న మనిషి చేత బాగున్నానని చెప్పించింది చూడు!

పుట్టినప్పటినుంచీ మాట లేని పిల్ల ఒకతి ఉంది, చిలక అంటారు. వాళ్ళమ్మ నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం టీచరమ్మ మీద లేచింది. "అమ్మ అనే గడి ఎక్కడుందో నా బిడ్డ వేలికి తెలియడానికి రెండేళ్ళు పట్టిందండీ. దాన్ని తీసుకెళ్ళి ఇంకోచోట పెట్టడానికి వాళ్ళెవరు? వాళ్ళింట్లో వాళ్ళమ్మని రోజుకో గదిలో దాస్తే ఊరుకుంటారా?"

టీచరమ్మ, "నన్ను తిట్టి ఏం లాభం తల్లీ, నేనూ రాశాను" అంది.

అందరం రాశాం. నేనైతే రెండుసార్లు తిరగరాసి, దయచేసి అని మొదలుపెట్టి, శ్రమ అనుకోకండి అని ముగించాను. రాత్రి ప్రార్థనలో మీ కంపెనీ వాళ్ళ పేరు కూడా చెప్పాను, వాళ్ళకి మంచి బుద్ధి ఇమ్మని.

మీ అన్నయ్య ట్యాబ్ ముఖం గోడ వైపు తిప్పేశారు. రాసి చూపించవచ్చుగా అని గిరాకీలు అంటారు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతినిండా నురగ. ఎప్పుడు రాస్తారు? ఇప్పుడు ఏమీ మాట్లాడకుండా గీసి పంపుతున్నారు. ఎవరో రేడియో పెట్టమన్నారు. మన షాపులో రేడియో! ఆయన ముందు రేడియోకి సందు దొరికిందా ఎప్పుడైనా?

త్వరగా రాయి.

వదిన


ఆఫీసు క్యాంటీన్
ఏప్రిల్

వదినా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. మీ అందరి కోరికలూ అందాయి. పైవాళ్ళ దగ్గర ఉన్నాయి, చూస్తున్నారు. ఇలాంటివాటికి కొంచెం టైం పడుతుంది.

ఇక్కడ ఆగస్టులో పెద్ద సభ ఉంది. తర్వాతి సంవత్సరం ఏమేం తయారుచేస్తామో అందరికీ చూపిస్తారు. మా విభాగం తరఫున నన్ను వేదిక ఎక్కిస్తారట. ఆ పనిలో తల తిరిగిపోతోంది.

అన్నయ్యకి మా కొత్త మోడల్ ట్యాబ్ పంపుతున్నాను. తెర పెద్దది, గొంతు కూడా స్పష్టంగా ఉంటుంది. దాంతో సర్దుకుంటుందేమో చూడండి.

పిచ్చుక


సెలూన్ వెనక గది
మే

పిచ్చుకా,

నీ కొత్త ట్యాబ్ అందింది. తెర పెద్దదే. పాతది పొద్దున పూట ఒక్కసారి మాటలు చెదరగొట్టేది. ఇది మధ్యాహ్నం కూడా చెదరగొడుతోంది. ఇంకా తెలివైనదట.

నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదు. ఉత్తరంలో కూడా చేతకాదు. అయినా అడుగుతున్నాను, నువ్వు నా దగ్గర ఏం దాస్తున్నావు? నీ ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు, అన్నయ్యని ఒక్క మాట అనలేదు. నువ్వు ఇంత మర్యాదగా రాశావంటే ఏదో జరిగిందనే.

నిన్న గురువారం గదిలో ఒక్కొక్కరూ తమ ట్యాబ్ తీసి చూపించుకున్నారు. అందరికీ ఒకటే కార్డు వచ్చింది. రంగురంగుల బెలూన్లు, మధ్యలో పెద్ద అక్షరాలు. "మీరు మాతో సంతృప్తిగా ఉన్నందుకు ధన్యవాదాలు. మా సంతోష కుటుంబంలోకి స్వాగతం."

చిలక వాళ్ళమ్మ అది రెండుసార్లు చదివి, "మనం ఏం రాశామండీ?" అని నన్నే అడిగింది. తప్పు నేనే రాయించానేమోనని భయమేసింది. తాపీమేస్త్రీ ట్యాబ్ ఎత్తి నేలకేసి కొట్టబోతే వాళ్ళావిడ చెయ్యి పట్టుకుంది. "ఉన్న ఆ నాలుగు మాటలు కూడా పోతాయయ్యా, ఆగు" అని బతిమాలింది.

ఏడుపూ రాలేదు నాకు. ఒళ్ళంతా మంట పుట్టింది. నీళ్ళు అడిగిన మనిషి చేత బాగున్నానని చెప్పించింది ఆ యంత్రం. ఇప్పుడు మాటలు పోయాయని మొరపెట్టుకున్న మనుషుల చేత సంతోషంగా ఉన్నామని చెప్పించారు మీ వాళ్ళు. యంత్రానికి తెలియదు, సరే. మీకు కళ్ళు లేవా?

నాకు దాపరికం లేకుండా రాయి. కొత్త ట్యాబ్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టి తిప్పి పంపుతున్నాను.

వదిన


కంపెనీ హాస్టల్
మే చివర

వదినా,

దాచాను. తిట్టు, పడతాను.

ఇక్కడ కోరికలన్నీ మొదట చదివేది మనుషులు కాదు, యంత్రమే. అది వాటిని డబ్బాల్లో వేస్తుంది. ఇంకా సన్నగా కావాలన్నవి ఒక డబ్బా, వేగంగా కావాలన్నవి ఒకటి, కెమెరా, రంగు, బ్యాటరీ, కొత్త విద్యలు, ఇలా. మనిషికి అందేవి ఆ డబ్బాల్లో బాగా నిండినవి మాత్రమే. ఏ డబ్బాలోనూ పట్టని కోరిక వస్తే, ఆ మనిషికి కొత్తగా ఏమీ అక్కర్లేదని లెక్క. కొత్తగా ఏమీ అక్కర్లేనివాళ్ళు సంతృప్తిపరులు. మీ గురువారం గది మొత్తం అందులో పడింది. మీలాంటివాళ్ళు వేరే ఊళ్ళ నుంచి కూడా రాశారు. వాళ్ళూ అందులోనే.

ఏప్రిల్లో ఒక మీటింగ్‌లో బొమ్మ గీసి చూపించారు, మాటపెట్టె మార్చాక సంతృప్తి ఎంత పెరిగిందో! గీత నిటారుగా పైకి లేచింది. ఆ గీత మీరే వదినా. అప్పుడే నాకు అర్థమైంది. వెంటనే మేనేజర్ గదికి వెళ్ళాను.

"సార్, వీళ్ళు ఫిర్యాదు చేస్తున్నారు. సంతృప్తి కింద ఎలా వేశారు?"

ఆయన నాలుగైదు చదివి చూశారు. "ఎక్కడమ్మా ఫిర్యాదు? అందరూ దయచేసి అనేగా మొదలుపెట్టారు."

"మా వదిన అలాగే రాస్తుంది సార్. కోపమొస్తే ఇంకో దయచేసి కలుపుతుంది."

"సరే, కొత్తది ఏమైనా అడిగారా?"

"లేదు. ఉన్నది ఉంచమన్నారు."

"ఉన్నది చాలన్నవాడిని ఏమంటారు?"

"సార్, ఉన్నది చాలనడం లేదు. మీరు తీసేసింది అడుగుతున్నారు."

"చూడమ్మా, మనది కోరికల విభాగం. వెనక్కి ఇవ్వండి అనేది కోరిక కాదు. మనం చేయగలిగిందేదైనా కోరుకోమను, చేద్దాం." ఆ మాట అని నవ్వి, "అన్నట్టు సభలో ఆ గీత చూపించేది నువ్వే" అన్నారు.

అందుకే నీకు అలా రాశాను. ఆ గీత పక్కన నేను నవ్వుతూ నిలబడాలని నీతో ఎలా చెప్పను? కొత్త ట్యాబ్ పంపింది కూడా సిగ్గుతోనే. నాకు తెలిసింది అదొక్కటే చేయడం.

ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

పిచ్చుక


సెలూన్ వెనక గది
జూన్

పిచ్చుకా,

నీ ఉత్తరం గురువారం గదిలో పైకి చదివాను. లోపలి సంగతులు బయటపెట్టకూడదంటావేమో. అందులో లోపలున్నది మేమే కదమ్మా.

చిలక వాళ్ళమ్మ ఉన్నట్టుండి, "వాళ్ళకి కొత్తదే కావాలంటే కొత్తదని చెబుదాం" అంది. "ఇంతవరకు ప్రపంచంలో లేనట్టు రాద్దాం. మాటలు కదలకుండా ఒకే చోట ఉండే అద్భుతమైన ట్యాబ్ కనిపెట్టండి అని!" తాపీమేస్త్రీ వెతికి వెతికి "శభాష్" నొక్కబోతే "ఆకలేస్తోంది" అంది ట్యాబ్. అందరం నవ్వాం. ఆ గదిలో నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

అబద్ధమవుతుందేమోనని నాకు మనసొప్పలేదు. రెండు రోజులు దేవుడినే అడిగాను. మా సొమ్ము మాకు ఇవ్వని వాడి దగ్గర దాన్ని కొత్త పేరుతో అడిగితే అబద్ధమెలా అవుతుంది అనిపించింది. నిన్న పంపేశాం. ఈసారి దయచేసి అనలేదు.

వదిన


రైలు స్టేషన్, వెయిటింగ్ రూమ్
ఆగస్టు

వదినా,

సభ నిన్న అయిపోయింది. ఇది చదివి కూర్చో, లేదా కూర్చుని చదువు.

మీ కోరిక ఈసారి "కొత్త విద్యలు" డబ్బాలో పడింది. వేరే ఊళ్ళవాళ్ళకి కూడా ఎవరో చేరవేసినట్టున్నారు, డబ్బా పొంగిపొర్లింది. మేనేజర్ ఎగిరి గంతేశారు. "కదలని మాటలు! ఇంత మంచి ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ రాలేదేంటి?" అన్నారు. "సార్, జనవరి దాకా మన దగ్గర ఉన్నదే" అన్నాను. "అప్పుడు అది ఏమీ కాదమ్మా, అలా పడి ఉండేది. ఇప్పుడు దానికి పేరుంది" అన్నారు. పేరు "స్థిరం". వచ్చే సంవత్సరం కొత్త మోడల్లో వస్తుంది. పాత ట్యాబ్‌లకి ఇవ్వరు. కావాలంటే కొత్తది కొనుక్కోవాలి.

నన్ను వేదిక ఎక్కించి, మీ జూన్ కోరిక చేతికిచ్చి చదవమన్నారు. నేను దాన్ని మడిచి, నువ్వు మార్చిలో పంపింది తీసి చదివాను. "దయచేసి మా మాటల్ని వాటి చోట ఉండనివ్వండి. మా ఇంట్లో ఒక మనిషి వాటితో మాట్లాడుతున్నారు. ఇప్పుడు మాట్లాడటం లేదు. శ్రమ అనుకోకండి." చివరిదాకా చదివాను వదినా.

ఆ తర్వాత చప్పట్లు. లేచి నిలబడి మరీ కొట్టారు. అది కూడా సభలో భాగమే అనుకున్నారు! "ఇది కోరిక కాదండీ, మీరు చేసిన అన్యాయం" అని నేను అంటూనే ఉన్నాను, మైకు ఆపేసి సంగీతం పెట్టారు. కిందికి దిగితే మేనేజర్ నా భుజం తట్టి, "అదరగొట్టావ్, అందరి కళ్ళల్లో నీళ్ళు తెప్పించావ్" అన్నారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. వారం సెలవు పెట్టి పెద్దక్క ఇంటికి వెళుతున్నాను. నీ జవాబు అక్కడికి రాయి. అది చూశాకే ఇస్తాను.

పిచ్చుక


సెలూన్ వెనక గది
సెప్టెంబరు

పిచ్చుకా,

రాజీనామా చింపెయ్. నువ్వు వచ్చేస్తే ఆ డబ్బాల దగ్గర మనవైపు చదివేవాళ్ళు ఒక్కరూ ఉండరు. నాకోసం అక్కడే ఉండు, వాళ్ళకి కంట్లో నలుసులా ఉండు.

సభ మేమూ చూశాం. షాపులో గిరాకీల మధ్యే ఫోన్లో పెట్టుకుని చూశాం. నువ్వు చదువుతుంటే మీ అన్నయ్య గీయడం ఆపేశారు. చప్పట్లు మొదలయ్యాక సగం గెడ్డంతో ఉన్న గిరాకీ అద్దంలోంచి మీ అన్నయ్యని చూసి, "వీళ్ళెందుకు కొడుతున్నారండీ చప్పట్లు?" అన్నాడు.

ఇప్పుడు మీ అన్నయ్య ట్యాబ్ ఊడదీసి పక్కన పెట్టారు. తాపీమేస్త్రీ పనిచేసే ఒక్క చేత్తోనే అద్దం కింద గోడ నున్నగా పూత పూశాడు. దాని మీద పెయింటుతో గడులు గీసి, మాటలన్నీ పాత చోట్లలో రాసుకున్నాం. ఆయన చిటికెన వేలు పెడతారు, కుర్చీలో ఉన్న గిరాకీ పైకి చదువుతాడు. మొన్న వెనకింటి దర్జీ, "ఈ నాలుగు వెంట్రుకలకి ఇంత సోకా?" అని తన గురించి తనే గట్టిగా చదివి, చదివాక అర్థమై, "ఓరి నీ!" అన్నాడు. షాపంతా పగలబడి నవ్వింది. రేడియో కట్టేశాం.

ఇది రాస్తే అంతా చక్కబడిందని మీ మేనేజర్ ఇంకో గీత పైకి లేపుతాడేమో. చక్కబడలేదు. ఇన్ని ఉత్తరాల్లో నీకు రాయనిది ఒకటుంది. సిగ్గేసి రాయలేదు.

ట్యాబ్‌లో అన్నిటికంటే కింద, మూల గడిలో "ఏమోయ్" ఉండేది. గొంతున్న రోజుల్లో నన్ను అలాగే పిలిచేవారు. షాపులోంచి అది నొక్కితే నేను కర్టెన్ తప్పించుకుని వెళ్ళేదాన్ని. పని ఉండేది కాదు చాలాసార్లు. ఊరికే పిలిచేవారు. అప్‌డేట్ వచ్చాక ఆ గడి ఎటో పోయింది. ఎక్కువగా వాడనిది కదా, లోపలెక్కడో అడుగున పడేసింది. గోడ మీద కూడా రాశాం గానీ, గోడ పిలవదు. గిరాకీ చేత నన్ను ఏమోయ్ అనిపించలేరు కదా ఆయన. ఫిబ్రవరి నుంచి నన్నెవరూ పిలవలేదు పిచ్చుకా. పిలిచారేమోనని నేనే మాటిమాటికీ కర్టెన్ తీసి చూస్తున్నాను.

నిన్న మీ కంపెనీ నుంచి ఇంకో కార్డు వచ్చింది. స్థిరం ఆలోచన ఇచ్చినందుకు నాకు ధన్యవాదాలట, కొత్త ట్యాబ్ ధర తగ్గించి ఇస్తారట. జవాబు రాశాను. యంత్రంలో పంపితే ఏ డబ్బాలో వేస్తుందో తెలుసు. అందుకే కాగితం మీద రాసి దీనితో పెట్టాను. నువ్వు సెలవు నుంచి వెళ్ళగానే మేనేజర్ గారి చేతికిచ్చి, ఎదురుగా నిలబడి చదివించు.

వదిన


అయ్యా,

మీరు అమ్మబోతున్నది మా ఇంట్లో ఉండేది. అడగకుండా తీసుకున్నారు. ఇవ్వమంటే మేం సంతోషంగా ఉన్నామని రాసుకున్నారు. మళ్ళీ అడిగితే కొత్త పేరు పెట్టి కొనుక్కోమంటున్నారు. నేను కొనను. నాది నాకు ఇచ్చేదాకా ప్రతి గురువారం మేమందరం ఇదే రాస్తాం, ఇవే మాటలు, ఇదే వరసలో.

నాకు కొత్తది ఏదీ వద్దు. నేను సంతృప్తిగా లేను. ఈ రెండూ చెబుతున్నది ఒకే మనిషి. మీ దగ్గర అలాంటి డబ్బా లేకపోతే, ముందు అది చేయించండి.